తల్లి చేప ఎవరు?

వానలు పడి చెరువుల్లోకి కొత్తనీళ్ళు చేరాక, మా వైపు గట్టు వారన గడ్డీ తూడూ ఉన్నచోట నీటిపైన ఎర్రటి ముద్దలాంటిది కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. వందలకొద్దీ పిల్లలు గాలి పీల్చుకోవటానికి ఒక్కసారే పైకి వచ్చి మళ్ళీ మునుగుతుంటాయి. చేపలు పట్టేవాళ్ళకి అది మంచి గుర్తు. "తల్లి అడుగునే ఉంటుంది" అంటారు. ఆ గుంపు మధ్యకి గాలం విసిరితే, పిల్లల మీదికి ఏదో వచ్చిందనుకుని పెద్ద చేప దానిమీద విరుచుకుపడి చిక్కుతుంది.

ఆ చేప ఆడదో మగదో చూసి అనే మాట కాదది. కొర్రమీనులో ఆడా మగా తేడా పైకి అంత తేలిగ్గా తెలియదు కూడా. పిల్లల దగ్గర ఉంది కాబట్టి తల్లి. ఇంకెవరుంటారు? కానీ కొర్రమీను జంట కలిసి గుడ్లనీ పిల్లల్నీ కాస్తుందనీ, చాలాసార్లు గూటి దగ్గర నిలబడేది మగ చేపేననీ జంతుశాస్త్రం ఎప్పుడో తేల్చింది. మనం తల్లి అని పిలుస్తున్నది చాలాసార్లు తండ్రిని.

డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పిన సంవత్సరాల్లో 'చేపల్లో పేరెంటల్ కేర్' అన్న పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న అది. పేర్లూ ఉదాహరణలూ బట్టీపట్టి రాసేస్తారు. పిల్లల్ని పెంచే పని ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ పాఠంలో ఎక్కడా లేవదు. ఆ ప్రశ్నకున్న చరిత్రను ఇక్కడ చెప్పుకోవాలనుకుంటున్నాను. చేపల పెంపకపు చరిత్ర చదువుతుంటే, అది చేపల కంటే చూసినవాళ్ళ ఇళ్ళ గురించే ఎక్కువ చెబుతుందని నాకు అనిపించింది.

మాది అనుమసముద్రంపేట ప్రాంతం. నాయబ్ రసూల్ దర్గా వల్ల బయటివాళ్ళకి ఏఎస్ పేటగా తెలుసు. కడలికి దూరంగా ఉన్న ఈ మెట్ట సీమలో ఊరి పేర్లలో సముద్రాలూ సాగరాలూ ఉంటాయి. అనుమసముద్రం, అనంతసాగరం. ఈ సముద్రాలంటే చెరువులే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు వ్యవసాయమూ చేపలూ ఈ చెరువుల మీదే ఆధారపడ్డాయి. అలాంటి చెరువులో ఈనాడు మూడు రకాల కాపురాలు పక్కపక్కనే కనిపిస్తాయి.

మొదటిది బొచ్చె, రోహుల కాపురం. వీటిలో తల్లీ పెంచదు, తండ్రీ పెంచడు. గుడ్లు వదిలి, వాటిమీద వీర్యం వదిలి, ఎవరి దారిన వాళ్ళు పోతారు. లక్షల గుడ్లలో ఎన్ని బతికితే అన్ని. నిలవ నీళ్ళలో ఇవి తమంతట తాము గుడ్లు పెట్టవు కాబట్టి ఒకప్పుడు పిల్లల్ని నదుల్లోంచి పట్టి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో వీటిచేత గుడ్లు పెట్టించగలిగాడు. ఆ తర్వాతే ఊరూరి చెరువులకూ చేపపిల్లల్ని తయారుచేసి ఇవ్వటం సాధ్యమైంది. హేచరీలో ఆడ చేపకి సాధారణంగా రెండు ఇంజెక్షన్లు, మగదానికి ఒకటి. పిల్లల ముఖం కూడా చూడని ఈ చేపల్ని హేచరీ భాషలో 'తల్లి చేపలు' అంటారు. తండ్రి చేపలకి అసలు పేరే లేదు, అవి కూడా ఆ మాటలోనే కలిసిపోతాయి.

రెండోది కొర్రమీను. గట్టు వార గడ్డిని తొలిచి చిన్న జాగా చేసుకుంటాయి. తేనెరంగు గుడ్లు నీటిపైన తేలతాయి. పొదిగాక పిల్లలు ఎర్రగా ఉండి గుంపుగా తిరుగుతాయి. పెద్ద చేప వాటి వెంటే ఉంటుంది. కొలంబో మ్యూజియం డైరెక్టరుగా ఉన్న ఆర్థర్ విల్లీ 20వ శతాబ్దం మొదట్లోనే సింహళంలో ఈ చేప గూళ్ళనీ గుడ్లనీ పిల్లల్నీ పరిశీలించి రాశాడు. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే ఉబ్బసం మందులో బతికున్న కొర్రమీను పిల్లనే మింగిస్తారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇంత పేరున్న చేపే అయినా దాని పితృత్వం గురించి మన మాటల్లో ఒక్క ముక్క లేదు.

మూడోది జిలేబి చేప, అంటే తిలాపియా. ఆఫ్రికా చేప. 1952లో ఈ దేశానికి తెచ్చారు. మిగతా చేపల్ని బతకనివ్వటం లేదని 1959లో నిషేధించారు గాని, అప్పటికే అది చెరువులకి అలవాటు పడిపోయింది. ఇందులో మగది అడుగున గుంట తవ్వి, రంగు చూపి, ఆడవాటిని పిలుస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగది ఇంకో ఆడచేప కోసం చూస్తుంది. గుడ్లు పొదిగేదాకా తల్లి మేత ముట్టదు. పిల్లలు ఈదటం నేర్చాక కూడా ప్రమాదం వస్తే మళ్ళీ తల్లి నోట్లోకే పరిగెత్తుతాయి.

ఎవరూ పెంచని కాపురం, ఇద్దరూ లేదా తండ్రి కాసే కాపురం, తల్లి ఒక్కతే మోసే కాపురం. మూడింటికీ నీళ్ళు ఒక్కటే. 'ప్రకృతి ధర్మం' అని ఒకే ధర్మం ఉంటే అది ఏ చేపది?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ ఒక నది చేప గురించి రాస్తూ, గుడ్లు పెట్టి ఆడది వెళ్ళిపోతుందనీ, మగది నలభై యాభై రోజులు అక్కడే ఉండి ఇతర చేపలు గుడ్లు తినకుండా కాస్తుందనీ చెప్పాడు. తర్వాత వందల ఏళ్ళు యూరప్ పండితులు ఆ మాటను పట్టించుకోలేదు. 19వ శతాబ్దం మధ్యలో లూయీ అగాసీ గ్రీసు నుంచి తెప్పించుకున్న చేపల్ని చూసి, అరిస్టాటిల్ చెప్పింది ఈ జాతి గురించేనని గుర్తించాడు. ఆ చేపకి ఇప్పుడు అరిస్టాటిల్ పేరే ఉంది.

మన సంప్రదాయంలో కూడా పిల్లల్ని కాసే చేప ఉంది. పక్షి స్పర్శతో, చేప చూపుతో, తాబేలు తలపుతో పిల్లల్ని పెంచుతాయని గురుదీక్షల గురించి చెప్పేటప్పుడు అంటారు. మీనాక్షి పేరుకి కూడా ఆ అర్థమే చెబుతారు. కన్ను మూయకుండా పిల్లల్ని చూసుకునే చేప. ఎవరో ఏ కాలంలోనో చెరువు గట్టున కూచుని పిల్లల కింద కదలకుండా నిలబడ్డ చేపను చూసి ఉండకపోతే ఈ పోలిక పుట్టేదా అనిపిస్తుంది నాకు. కానీ పోలికలోకి వచ్చేసరికి ఆ చేప ఆడదైంది, అమ్మవారైంది.

మహాభారతంలో సత్యవతి కథ ఇంకో దారిలో పోతుంది. చేప కడుపున ఇద్దరు పిల్లలు దొరికితే మగపిల్లవాణ్ణి రాజు తీసుకున్నాడు. చేపవాసన కొట్టే ఆడపిల్లను దాశరాజు పెంచాడు. పడవ నడపటం ఆమె ఆ ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె కొడుకులకే రాజ్యం దక్కాలని శంతనుడితో బేరం ఆడింది ఆ పెంపుడు తండ్రే. అయినా మన సాహిత్యంలో పెంచిన తండ్రుల జాబితా రాస్తే అతని పేరు ఎవరికీ గుర్తు రాదు.

ఆధునిక శాస్త్రం దగ్గరికి వద్దాం. 1871లో డార్విన్ 'డిసెంట్ ఆఫ్ మ్యాన్' రాశాడు. మగవి ఆతృతగా వెంటపడతాయి, ఆడవి బిడియంతో ఎంచుకుంటాయి అన్నది అందులోని చిత్రం. అదే పుస్తకంలో దక్షిణ అమెరికాలోనూ సింహళంలోనూ కొన్ని మగ చేపలు గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతాయని కూడా రాశాడు. వాస్తవాన్ని దాచలేదు. దానివల్ల తన చిత్రాన్ని మార్చుకోనూలేదు.

నాలుగేళ్ళకే, 1875లో, అమెరికాలో ఆంటొనెట్ బ్రౌన్ బ్లాక్‌వెల్ 'ది సెక్సెస్ త్రూఅవుట్ నేచర్' పుస్తకంతో జవాబిచ్చింది. ఆమెకి ప్రయోగశాల లేదు, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదు. చేపలతో సహా రకరకాల జీవుల్లో ఆడా మగా ఎవరి వాటా ఎంతో కూడికలూ తీసివేతలూ వేసి పట్టికలు తయారుచేసింది. మొత్తం మీద ఇద్దరూ సమానమేనని ఆమె వాదన. డార్విన్‌కి జవాబు చెప్పే అర్హత ఆడవాళ్ళకి లేదంటారని తెలిసే ఆ పని చేసింది. శాస్త్రం ఆ పుస్తకాన్ని దాదాపు వందేళ్ళు పక్కన పెట్టింది.

అదే దశాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చిన ఫ్రాన్సిస్ డే మన చేపల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. 1875 నుంచి 1878 దాకా భాగాలుగా వెలువడిన 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' అది. సముద్రపు జెల్లల్లో మగవి నోట్లో గుడ్లు మోస్తాయన్న సంగతి ఆయనకి తెలుసు. ఆ గుడ్లు చిన్నవి కావు, గోళీకాయలంత ఉంటాయి. నోరు నిండా గుడ్లు పెట్టుకున్న తండ్రి వారాల తరబడి తిండి తినదు. జిలేబి తల్లి చేసే పనే ఇది కూడా. కానీ జిలేబి తల్లి ఉపవాసం మనకి త్యాగంలా వినిపిస్తుంది, జెల్ల తండ్రి ఉపవాసం వింతలా వినిపిస్తుంది.

20వ శతాబ్దంలో ఈ వింతకి కారణాలు వెతకటం మొదలైంది. నీకో టింబర్జెన్ 1930లలో హాలండులో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప మీద పనిచేశాడు. 1973లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ చేపలో మగది గూడు కడుతుంది, ఆడది గుడ్లు పెట్టాక దాన్ని తరిమేస్తుంది, తర్వాత రెక్కలతో విసురుతూ గుడ్లకి గాలి అందిస్తుంది. 1972లో రాబర్ట్ ట్రివర్స్ 'పేరెంటల్ ఇన్వెస్ట్‌మెంట్' సిద్ధాంతం ప్రతిపాదించాడు. సంతానం మీద ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళు ఆచితూచి జత ఎంచుకుంటారు, తక్కువ పెట్టేవాళ్ళు పోటీ పడతారు అని. మార్కెట్ భాషే అయినా దాంట్లో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఆడతనమా మగతనమా అన్నది కాదు, ఎవరు ఎంత మోస్తున్నారన్నదే ప్రవర్తనని నిర్ణయిస్తుందన్నమాట.

చేపల్లో తండ్రి పెంపకం ఎందుకింత ఎక్కువ? గుడ్లని వదిలి వెళ్ళిపోయే చేపలే అధికం. కానీ పెంచే చేపలవరకు తీసుకుంటే తండ్రి ఒక్కడే పెంచే పద్ధతే అన్నిటికంటే సాధారణం. క్షీరదాలకి ఇది పూర్తిగా వ్యతిరేకం. చేపల్లో ఫలదీకరణ ఎక్కువగా శరీరం బయట, మగది కాపాడుకునే జాగాలోనే జరుగుతుంది. ఆ జాగాని అది ఎటూ కాస్తుంది. ఒక ఆడచేప గుడ్లున్నా నాలుగు ఆడచేపల గుడ్లున్నా కాపలా ఖర్చు పెద్దగా పెరగదు. కొన్ని జాతుల్లో అప్పటికే గుడ్లున్న మగవాడినే ఆడచేపలు ఇష్టపడతాయి. ఇక ఆడచేపకి మళ్ళీ గుడ్లు తయారవ్వాలంటే మేత కావాలి, గూటి దగ్గర కూచుంటే ఒళ్ళు పెరగదు. ఒళ్ళు పెరిగితేనే గుడ్లూ పెరుగుతాయి. ఇందులో ప్రేమా లేదు, ధర్మమూ లేదు. పరిస్థితిని బట్టి పని పంపకం.

ఇక్కడ భాష ఏం చేసిందో చూడాలి. తల్లి చేస్తే 'పెంపకం' అని, తండ్రి చేస్తే 'కాపలా' అని రాయటం మామూలైంది. పైప్ ఫిష్ అనే చేపలో ఆడది గుడ్లని మగదాని ఒంటికి అప్పగిస్తుంది. స్వీడన్‌లో గునిల్లా రోజెన్‌క్విస్ట్ 1990లో ప్రచురించిన పరిశోధన, ఒక పైప్ ఫిష్ జాతిలో ఆడవి పోటీపడతాయనీ, మగవే ఎంచుకుంటాయనీ చూపింది. దీనికి పెట్టిన పేరు 'తలకిందులైన లింగ పాత్రలు'. తలకిందులు అనాలంటే తిన్నగా ఉన్నదేదో ముందే తేల్చుకుని ఉండాలి కదా! మాలిన్ ఆ కింగ్, ఇంగ్రిడ్ ఆనెస్యో అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ఈ 'లింగ పాత్ర' అన్న మాటనే విచారణకి పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారనీ, మనుషుల మూసల్ని జంతువుల మీదికి తెస్తోందనీ వాదించారు. మగవాటి ఆతృతకి సాక్ష్యంగా పాఠ్యపుస్తకాలన్నీ చెప్పే బేట్‌మన్ 1948 నాటి పండు ఈగల ప్రయోగాన్ని ప్యాట్రీషియా గోవాటీ బృందం 2012లో మళ్ళీ చేసి చూసింది. పిల్లల తల్లిదండ్రుల్ని గుర్తించటానికి వాడిన పద్ధతిలోనే లోపముందని తేలింది. అరవై ఏళ్ళు ఎవరూ మళ్ళీ చేసి చూడలేదు. తమకి తెలిసిన ఇంటి సంగతే చెబుతున్న ప్రయోగాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇదంతా మాటల గొడవే అనుకోవద్దు. దీనికి ప్రాణాలతో మూల్యం చెల్లించిన సందర్భం మన పక్క రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటక తీరంలో 1970ల చివర, 1980లలో పర్సు సీన్ అనే భారీ చుట్టు వలలు వచ్చాయి. జెల్లల గుంపులు టన్నుల కొద్దీ పడ్డాయి. వాటిలో నోటినిండా గుడ్లూ పిల్లలూ ఉన్న మగవి ఉన్నాయి. వలలో పడ్డ తండ్రి గుడ్లు కక్కేస్తుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అప్పుడే హెచ్చరించారు. తర్వాత ఆ తీరంలో జెల్లలు బాగా తగ్గిపోయాయి. గుడ్లతో ఉన్న ఆడ చేపని పట్టకూడదన్న ఇంగితం చాలామందికి ఉంటుంది. గుడ్లతో ఉన్న మగ చేప ఒకటి ఉంటుందన్న ఊహే లేకపోతే ఆ ఇంగితం ఎలా పనిచేస్తుంది? చెరువులో ఎర్రటి పిల్లల గుంపు చూసి గాలం వేసినప్పుడు జరిగేది కూడా, చిన్న ఎత్తున, ఇదే. కాసే చేప కూరైతే పిల్లలు మిగతా చేపలకి మేతవుతాయి.

రెండో సందర్భం జిలేబిది. నిషేధించిన తిలాపియా మెరుగుపరచిన జాతిగా, ప్రభుత్వ నిబంధనల కింద తిరిగి వచ్చింది. విజయవాడ దగ్గర మణికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ 'గిఫ్ట్' రకం పిల్లల కోసం కేంద్రం పెట్టింది. ప్రపంచమంతా ఈ చేపని పెంచే తీరు ఒకటుంది. మగ చేపలు త్వరగా పెరుగుతాయి. ఆడవి గుడ్లు నోట్లో పెట్టుకుని తిండి మానేస్తాయి కాబట్టి పెరగవు. పైగా పిల్లలు పెరిగి చెరువు కిక్కిరిసిపోతుంది. అందుకని పసిపిల్లలకి మూడు నాలుగు వారాలపాటు మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపిన మేత పెట్టి, ఆడవి కావలసినవాటిని కూడా మగవాటిగా మారుస్తారు. రైతు లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కలో తల్లితనం నష్టం పద్దు కింద ఉంది. తల్లి కాబోతుంది కాబట్టి ఆడపిల్ల వద్దు. ఇంకో లెక్కలో ఇలాంటి మాటే మనుషుల ఇళ్ళలో వినిపించబట్టే 1994లో గర్భస్థ లింగ నిర్ధారణ మీద చట్టం తెచ్చుకోవలసి వచ్చింది. ఒకవైపు తల్లితనాన్ని మీనాక్షి అని పూజిస్తాం. ఇంకోవైపు దాన్ని పెరుగుదలకి అడ్డంగా తీసేస్తాం. ఉద్యోగానికి ఇంటర్వ్యూలకెళ్ళిన ఆడవాళ్ళకి ఈ రెండో లెక్క బాగా తెలుసు.

చేపల్ని చూపించి మగవాళ్ళకి పాఠం చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు. పెంచే తండ్రి చేపలే ఆకలేస్తే తమ గుడ్లలో కొన్నిటిని తినేస్తాయి కూడా. స్టికిల్‌బ్యాక్ అలా చేస్తుంది. చేపని ఆదర్శం చేసుకుంటే దాన్ని కూడా ఆదర్శం చేసుకోవాలి. ఆడదాని స్థానం ఇదీ అని చెప్పటానికి మన మీదికి జంతువుల్ని సాక్ష్యంగా తెచ్చినవాళ్ళు చేసిన పనే మనం తిరిగి చెయ్యటమవుతుంది. నాకు కావలసింది అంతకంటే చిన్నది. 'స్వభావం' అన్న మాట విన్నప్పుడు, అది చూసి చెబుతున్న మాటా, చూడకుండా చెబుతున్న మాటా అని అడగటం.

ఆ ప్రశ్నని మా మెట్ట ప్రాంతపు ఆడవాళ్ళు జంతుశాస్త్రం చదవకుండానే అడిగారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు, వాచకంలోని సీతమ్మ కథ చుట్టూ మాటలు మొదలయ్యాయి. కలిగిరి దగ్గర దూబగుంటలో రోశమ్మా తోటి ఆడవాళ్ళూ సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లాని, తర్వాత రాష్ట్రాన్ని కదిలించింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. మగాడన్నాక తాగుతాడు, ఇల్లు ఆడదే చూసుకోవాలి అన్న మాటని అప్పటిదాకా అందరూ ప్రకృతి నియమంలాగే చెప్పేవాళ్ళు. సారా వెనక వేలంపాట ఉందనీ, కాంట్రాక్టరు ఉన్నాడనీ, ప్రభుత్వానికి ఆదాయం ఉందనీ ఆ ఆడవాళ్ళు చూపించారు. స్వభావమని చెప్పుకున్నదాని వెనక ఒక ఏర్పాటు ఉంది. ఏర్పాటైతే దాన్ని మార్చమని అడగొచ్చు. కూలి డబ్బు ఇంటికి రావాలని, పిల్లల తిండిలో తండ్రి వాటా ఉండాలని వాళ్ళు అడిగింది అదే.

యానాదుల్లో ఆడా మగా కలిసి చెరువుల్లో దిగి చేపలు పట్టటం మా వైపు మామూలు సంగతి. మిగతాచోట్ల ఎక్కువగా మగవాళ్ళు పడతారు, ఆడవాళ్ళు తలమీద పెట్టుకుని అమ్ముతారు. ఒకే చెరువు మీద మనుషుల పని పంపకం కూడా ఒక్కటిగా లేదు. చేపల పంపకం ఒక్కటిగా ఉండాలని మాత్రం ఎందుకనుకున్నాం?

పాఠ్యపుస్తకాలు రాసే, పాఠాలు చెప్పే, కథలు రాసే మనవాళ్ళకి ఒక చిన్న విన్నపం. 'తల్లి చేప' అని రాసేముందు అది తల్లేనా అని ఒక్కసారి చూడండి. తల్లైతే తల్లి అనే రాయండి, ఆ ఉపవాసాన్ని త్యాగమనకుండా పని అనండి. తండ్రైతే తండ్రి అనండి, దాన్ని వింత అనకుండా పని అనండి. ఇద్దరూ కాకపోతే, బొచ్చెల్లాగా ఎవరి దారిన వాళ్ళు పోతే, దాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయండి. కొర్రమీను పిల్లల కింద నీడలా నిలబడ్డ ఆ చేపకి ఏ పేరు పెట్టినా పట్టింపు లేదు. దాన్ని చూసి తండ్రంటే ఏమిటో, తల్లంటే ఏమిటో నేర్చుకునే పిల్లలకి మాత్రం తేడా తెలుస్తుంది.